ఒంటిగంట గడి

కర్నూలు పెద్దాసుపత్రి, మూడో మంచం.
బజారి తొడలోంచి తీసిన కండ
ఇప్పుడు మోకాలి కింద, ఎముక మీద,
బేతంచెర్ల బండ పడి నుజ్జయిన చోట.
వెంట్రుక కన్నా సన్నటి దారంతో
ఒక ధమని, ఒక సిర కలిపి కుట్టి
పది గంటల తరవాత చేతులు కడుక్కున్నాడు డాక్టరు.
"గంటగంటకూ చూడండి సిస్టర్.
రంగు. వేడి. నొక్కితే ఎంతసేపటికి తిరిగొస్తుందో."

పన్నెండుకు చూశాను.
ఒంటిగంటకు
ఆరో మంచం ముసలాయన సెలైన్ పీకేసుకున్నాడు,
తొమ్మిదో మంచం పిల్ల దుప్పటంతా కక్కుకుంది.
గుమ్మం దగ్గర నుంచే అటు చూసి
గడిలో రాశాను: గులాబి.

ఒకటీ నలభైకి
ఉరుకుందమ్మ వచ్చి టేబులు పక్కన నిలబడింది.
సాయంత్రం నుంచీ ఆమె మొగుణ్ని చూడటంలేదు,
ఆ ముక్కనే చూస్తోంది, పొయ్యిమీది పాలను చూసినట్టు.
"సిస్టరూ, ఆడ నీళ్లు నిలబడిండాయి."
"నీళ్లేంటమ్మా?"
"కేసీ కాలవ కింద మా చేను ఇట్లే అయ్యింది.
వచ్చేవి వచ్చినాయి, పోయే కాలవ పూడింది.
పైరు ముందు బలే ఏపుగా కనబడింది,
నాలుగు దినాలకు కుళ్లింది."

వెళ్లి చూశాను.
ఉబ్బి, బిగుసుకుని, నేరేడుపండు తోలు రంగు.
వేలు తీశానో లేదో
రంగు ఎగబడి వచ్చింది.
అంత తొందర మంచిది కాదు.
సూదితో గుచ్చితే
నల్లగా కారింది, ఆగకుండా.
డాప్లర్ ఆనిస్తే లోపల ధమని
టప్ టప్ మంటూ
తెచ్చి పోస్తూనే ఉంది,
అవతలి దారి మూసుకుందని
దానికెవరు చెప్పాలి?

ఈ సీమలో
రమ్మనే మొక్కుకున్నాం నీళ్లను,
బోరు బోరుకూ టెంకాయ కొట్టాం.
పొమ్మని మొక్కింది ఒక్కసారే,
రెండువేల తొమ్మిదిలో, మిద్దెలెక్కి.
మళ్లీ ఈ రాత్రి, నేను,
స్ట్రెచరు చక్రం ఒకటి తిరగక ఈడుస్తూ.

కుట్టు విప్పితే
సిర నోట్లో గడ్డ, మెంతిగింజంత.
అంత కాలునూ అంత గింజ పట్టుకుని కూచుంది.

బతికింది, చాలావరకు.
ఒక అంచు మాత్రం నల్లబడితే
తొమ్మిదో రోజు కోసి తీసేశారు, బొటనవేలంత.
ఇంటికి పోయేనాడు
బజారి దానిమీద చెయ్యి వేసి నవ్వాడు:
"నాదే గానీ సిస్టరూ, తాకితే నాకు తెలీడంలే."
పిక్క మీద తొడ వెంట్రుకలు మొలుస్తున్నాయి.
ఉరుకుందమ్మ ఏమీ అడగలేదు,
మందుల చీటీ రైకలో పెట్టుకుంది.

చార్టు రికార్డు గదికి పోయింది.
రెండుగంటల గడి నిండా ఎర్రసిరా, ముగ్గురి సంతకాలు.
దాని పైగడిలో నా గుండ్రటి అక్షరాలు మూడు.
ఒంటిగంటకు ఆ ముక్క ఏ రంగులో ఉందో
నాకు తెలీదు.