ఒకే గడిలో టిక్కు

మూడో అంతస్తు మెట్ల మలుపులో
ఓ కార్క్ పలక.
పందొమ్మిదేళ్లుగా దానికి పిన్నులు గుచ్చేదీ పీకేదీ నేనే.
ఈ గుమాస్తా ఉద్యోగంలో నాకు నచ్చిన పని అదొక్కటే.

'వొరోనెజ్‌లో ఒక సెమిస్టర్' కాగితం పీకేసి నాలుగేళ్లు.
చుట్టూ కార్క్ ఎండకు వెలిసిపోయింది.
అదున్నంత మేర మాత్రం
ఇంకా కొత్తగా, కాల్చిన రొట్టె రంగులో.

రష్యన్ కావాలంటే ఇప్పుడు బిష్కెక్ వెళ్లాలి,
కిర్గిజ్ కుటుంబంతో తిండీ వసతీ.
లేదంటే రీగా.
ల్వీవ్‌లో వేసవి బడి, నాలుగు వారాలు, ఫీజు లేదు.
కింద చీమతలకాయంత అక్షరాల్లో:
సైరన్ మోగితే పాఠం నేలమాళిగలో కొనసాగును.
ఆ 'కొనసాగును' దగ్గర
నా వేలు ప్రతిసారీ ఆగుతుంది.

ఇన్నకేంతీ ల్వోవిచ్ తరగతిలో ఒకప్పుడు నలభై మంది.
ఈ ఏడు ఐదుగురు.
"నేనేం చేశాను, నా వ్యాకరణం ఏం చేసింది"
అని ఆయన ఎవరినీ అడగడు.
అరిగిన చాక్‌పీసులు కోటు జేబులో వేసుకుని
ఇంటికి పోతాడు, జేబు ఎప్పుడూ తెల్లగా.

ఎదురుగదిలో ఖార్కివ్ నుంచి వచ్చిన మిరోస్లావా.
ఆమెకి కుర్చీలు చాలవు.
ఓ అక్షరాన్ని యాభై ఏడేళ్లు
పుస్తకాల్లోంచి వెళ్లగొట్టారని చెబుతోంది,
దాన్ని బోర్డు మీద ఎంత పెద్దగా రాసిందో,
తుడిచేవాడికి చెయ్యి అందదు.
ఓ సోమవారం ఇన్నకేంతీ ల్వోవిచ్
తన గదిలోంచి ఖాళీ కుర్చీ ఒకటి మోసుకొచ్చి
ఆమె గుమ్మంలో దించి
లోపలికి తొంగిచూడకుండా వెనక్కి నడిచాడు.
మంగళవారం ఇంకొకటి.

ఫిబ్రవరి ఆఖరి రోజు. సస్కటూన్‌లో మైనస్ ముప్పై ఒకటి.
నాలుగుంబావుకి వచ్చింది డార్సీ పెరెపెలిత్స్యా,
కనురెప్పల మీద మంచు, సంచిలో ఇరవైమూడు క్యాసెట్లు.
వాళ్ల బాబా గొంతు.
బీట్‌దుంపల ఊరగాయ, పక్కింటివాళ్ల మీద చాడీలు,
ఓ క్యాసెట్టు నిండా కోళ్లని తిట్టడం.
విని, రాసిపెట్టేందుకు ఆరువేల డాలర్ల ఉపకారవేతనం ఉంది.
దరఖాస్తులో ఏడో ప్రశ్న:
భాష. రష్యన్. ఉక్రేనియన్. ఒకే గడిలో టిక్కు పెట్టవలెను.

ఇద్దరికీ వినిపించిందట.
ఆయన కళ్లు మూసుకుని ఒక వైపంతా విని
"ఇది నాది కాదు" అన్నాడట, మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడట.
ఆమె ముందు నవ్విందట.
"నేను రోజూ ఎర్రసిరాతో దిద్దే తప్పులన్నీ ఇందులో ఉన్నాయి.
మా అమ్మమ్మా అచ్చం ఇలాగే."
తర్వాత కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు రాలేదట.

సుర్జిక్ అంటారు దీన్ని.
గోధుమా రై కలిపి విసిరిన పిండికి పేరది మొదట.
పిండి పేరు కాస్తా తిట్టయింది,
ఇంట్లో మాట్లాడి వీధిలో దాచుకోవాల్సిన మాటయింది.
చుట్టూ వందల మైళ్లు గోధుమ పండే చోట
ఆ పిల్ల నాకిది చెబుతోంది, నేను
మా అమ్మ ఏం మాట్లాడేదో గుర్తు చేసుకుంటున్నాను.
నా దగ్గర మిగిలినవి తిండి పేర్లూ తిట్లూ.
అవి ఏ గడిలోవో నన్నెవరూ అడగలేదు.

డార్సీ స్కేలు పెట్టి
రెండు గళ్ల పక్కన మూడో గడి గీసింది.
టిక్కు అందులో పెట్టింది.
రూలు ప్రకారం అది తిరగ్గొట్టాల్సిన కాగితం.
ఎన్ని తిరగ్గొట్టానో నా చేతులకి తెలుసు.
నాలుగూ ఇరవైతొమ్మిదికి
'అందినది' ముద్ర వేశాను.
చెయ్యి వణికి సగం ముద్ర ఆ గడి మీదే పడింది,
చదివేవాళ్లు ముద్ర అనుకోవచ్చు, గడి అనుకోవచ్చు.

కమిటీ మేలో కూర్చుంటుంది.
వాళ్ల సంగతి నాకు తెలియదు.

సంచి భుజానేసుకుని మెట్లు దిగుతున్న పిల్లని
పలక దగ్గర ఆపాను,
ఏదో సరిచేస్తున్నట్టు ఓ పిన్ను పీకి చేతిలో పట్టుకుని:
"ఆ కోళ్ల క్యాసెట్టు...
ఒక్కసారి వినొచ్చా?"