పదకొండు సెకన్లు

డెబ్బై నాలుగులో గ్రిమ్స్‌బీలో క్రిస్మస్‌కి మంచు పడలేదు.
పడిందంతా టీవీలోనే,
చిత్తుకాగితాల మంచు.
ఒక ముక్క కెప్టెన్ వెరాక్ మీసానికి అంటుకుని
గ్రహం పేలిపోయేదాకా ఊడలేదు.
నాకు ఆ ముక్కంటే ఇష్టం.

మరమనిషి
కానుకకి కాగితం చుట్టడం రాక
తన చేతినే చుట్టేసుకుని
"ఇది నీకే" అనడం ఇష్టం.
ఓడ గోడ ఊగింది కదా, అట్టగోడ,
దాన్ని భుజంతో ఆపుతూనే
డైలాగు తడబడకుండా చెప్పిన వంటామె ఇష్టం.
యుద్ధం సంగతి నన్నడక్కండి.
అప్పుడు నేను పుడ్డింగు తింటున్నాను.

బొమ్మను దాచుకునే దారి లేదప్పట్లో.
మా అన్న క్లెమెంట్ టేప్‌రికార్డర్‌ని
టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి
"ఊపిరి కూడా మెల్లగా తీయండి" అని అందర్నీ బెదిరించాడు.
చివర్లో, ఆ గడ్డకట్టిన చందమామ మీద,
భూమి ఇక లేదని తెలిసి
కెప్టెన్‌కి నోట మాట రాని చోట
వంటింట్లోంచి అమ్మ:
"గ్రేవీ గిన్నె ఎవరు తీశారర్రా?"

నలభై ఏళ్లు ఆ టేపే విన్నాం.
అన్న అమ్మని క్షమించలేదు,
టేపు చెరపనూ లేదు.

ఇప్పుడు మెరుగులు దిద్దిన డిస్కు వచ్చింది.
మీసం మీది కాగితం పోగులతో సహా కనిపిస్తోంది.
చందమామ వచ్చింది. కెప్టెన్ ఆగాడు.
పదకొండు సెకన్లు.
ఎవరూ ఏమీ అడగలేదు.

వెనక్కి తిప్పాను.
ఈసారి సరిగ్గా ఆ చోట
నేనే అడిగాను.