గరుకు

ముందు కిరసనాయిలుతో తుడిచినాను
పన్నెండు కత్తులూ.
ఏ ఊరి తిరునాళ్లలోనో అంటిన బెల్లంపాకం,
డేరా తాళ్ల మసి, ఇరవై రెండేండ్ల చెమట
నల్లగా గుడ్డలోకి దిగినాయి.
మా అన్న వన్నూరప్ప గడప మీద కూర్చోని చూస్తాన్నాడు,
నేనేదో వాని చేతులే కడుగుతున్నట్టు.

చక్కెర జబ్బు పాదాల్లో మొదలై
ఇప్పుడు వేళ్ల కొనలకు వచ్చింది.
"కత్తి చేతిలో ఉందో పోయిందో తెలీడంల్యా సుంకమ్మా"
అన్నాడొక మాపటేళ, సద్దిముద్ద పిసుకుతా.
వానికెదురుగా చెక్కకు ఆనుకోని నిలబడేదాన్ని నేనే.
అట్లా తెలీకుండానే ఎన్ని ఆటలాడినాడో
అడగలేదు.

తాడిపత్రిలో రాయికి కరువా?
పాలిష్ మిషన్ల కింద పారిన బురద
ఎండినాక ఎవరిదీ కాదు.
సంచెడు తెచ్చి పాత వాయిల్ చీరలో జల్లించి
రంగులో కలిపి పూసినాను.
మరీ మెత్తన, ముగ్గుపిండి.
తర్వాత పెన్న ఇసుక.
ఏట్లో నీళ్లు లేవు గానీ ఇసుకకు కాపలా ఉంది,
చెంబెడే గదా అని వాడు మొహం తిప్పుకున్నాడు.
ఆరినాక ప్రతి పిడీ ఒక కాకరకాయ.
మూడు విసుర్లకే పెచ్చులూడి
చెక్క కింద చెనిక్కాయ పొట్టు మాదిరి రాలింది.

లారీ తొట్లకు పూసేది ఒకటుందన్నాడు
హార్డ్‌వేర్ షాపు ఖాజామొద్దీన్.
రెండు డబ్బాలు. కలిపితే అరగంటే టైము.
"దేనికక్కా?"
"కత్తులకు."
వాడు చిల్లర లెక్కపెట్టేది ఆపినాడు.
ఈ సీమలో ఆ మాటకు ఒకటే అర్థం.
పొద్దుగూకకముందే కానిస్టేబులొచ్చి
బొటనవేలితో అంచు చూసినాడు.
పదును లేదు. మావాటికి మొన ఒకటే.
"మరి వీటితో ఏం నరుకుతారు?"
"ఏమీ నరకం సార్. మనిషి పక్కన గుచ్చుతాం."
చానాసేపు ఆలోచించి, టీ తాగి పోయినాడు.

ఆ రాత్రి అన్నను కండ్లు మూసుకోమని
రాతినలుసొకటి వేలి మీద ఆనించినాను.
"తెలిసిందా?"
"లే."
చూపుడువేలు, నడిమివేలు, లే.
అరచెయ్యి మధ్యన, ఏమో.
బొటనవేలి మొదట్లో, ఆ కండ మీద
"ఆఁ" అన్నాడు,
చీకట్లో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
బొగ్గుముక్కతో అక్కడ సున్న చుట్టినాను.
చిటికెనవేలి పక్కన ఇంకోటి.
వాని చెయ్యంతా వెతికితే
నాకు మిగిలినవి ఆ రెండు తావులు.

పొద్దున్నే ఎమరీ కాగితంతో పిడులు రుద్దినాను.
గీతలు పడాల, లేకుంటే పూత నిలవదు.
నున్నటి ఇనుము దేన్నీ దగ్గరికి రానీదు.
మొనకు టేపు చుట్టి, రెండు డబ్బాలు కలిపి
పల్చగా ఒకసారి, ఆగి ఇంకొకసారి.
తడి ఉండగానే బొగ్గుసున్నల కొలతకు
ఆ రెండు చోట్లే రాతినలుసు చల్లినాను,
వేళ్లకు అందేచోట ఏమీ లేకుండా.
రేకుల కింద బైండింగు తీగెకు వేలాడదీస్తే
మే నెల ఎండ మిగతాది చూసుకుంది.

మూడోనాడు చెక్కకు ఆనుకోని నిలబడినా.
అన్న మొదటిది ఎత్తి, పట్టు సర్దుకోని,
ఎన్నడూ లేంది గట్టిగా "పోయింది" అన్నాడు.
అప్పుడే చెవి పక్కన చెక్క మోగింది.
రెండోది, "పోయింది." మూడోది.
పూత ఒక్క పెచ్చు రాల్లేదు.
ఏడోది మాత్రం కిందికి జారి
నా కుచ్చిళ్లను చెక్కకు కుట్టేసింది.
నలుసు ఎక్కువై పిడి బరువెక్కినట్టుంది,
అర తులమన్నా గీకాల.

వాడు ఉరికొచ్చి, నన్ను విడిపించకముందే
ఆ పిడిని బొటనవేలి మొదట్లో ఆనించి
కండ్లు మూసుకున్నాడు.
"దీన్ని గీకొద్దు సుంకమ్మా," అన్నాడు,
"తక్కినవి గూడా ఇంతే గరుకు చెయ్యి."