ఒకటికి యాభై

నేను గుడ్లు లెక్కపెట్టే మనిషిని.
కోడిగుడ్లు కావు.
గుర్రపు లద్దె నాలుగు గ్రాములు తూచి,
చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి,
గీతలున్న గాజుపలకలోకి ఎక్కించి
తేలి పైకొచ్చినవాటిని లెక్కపెడతాను.
ఒకటి కనిపిస్తే యాభై ఉన్నట్టు.
ఈ లెసోతో కొండల్లో, మా సెమొంకాంగ్ మొత్తానికి
ఈ లెక్క నా ఒక్కదానికే వచ్చు,
కాబట్టి ఎవరూ నాతో బేరమాడరు,
న్తాతే మొఖెతి తప్ప.

మంచు కరగకముందే వచ్చాడు,
భుజాన దుప్పటికి పెద్ద పిన్నీసు,
సంచిలో ఆరు పొగాకు డబ్బాలు,
ఆరు గుర్రాలవి.
ఒక్కో మూత మీద బొగ్గుతో ఒక్కో గుర్తు.

నిరుడు డబ్బాలు లేవు.
రెండు నెలలకోసారి అన్నిటికీ పేస్టు పట్టించాడు,
బలిసినదానికీ, బక్కదానికీ.
పిల్ల కడుపు కుండలా ఉబ్బి వెంట్రుకలు రేగితే
దానికి ఒక గొట్టం మొత్తం.
లోపలివన్నీ ఒక్క రాత్రిలో చచ్చాయి.
చచ్చినవి బయటికి రావాలి కదా.
పెన్సిలంత లావున్నవి, తెల్లటివి,
సన్నటి పేగులో తాడులా ముడిపడ్డాయి.
పిల్ల తన పొట్టకేసి తనే తిరిగి తిరిగి చూసుకుందట.
ఇది న్తాతే చెప్పలేదు.
మనవరాలు కెనెయిలొయె చెప్పింది.

"రెండింటికే మందు," అన్నాను.
"ఎర్రదానికి పన్నెండొందలు, నల్లమచ్చదానికి తొమ్మిదొందల యాభై.
మిగతావి వందలోపే. చూలుతో ఉన్న లెఫుబెతో సహా."
"వాటిలో పురుగులున్నాయా, లేవా?"
"ఉన్నాయి."
"ఉంచుకోమంటావు. పాముకి పాలు పోయమంటావు."

చెప్పాను.
మందు తినీ బతికినవి
బతికినవాటితోనే జతకడితే
వాటి సంతానానికి ఏ మందూ చేదు కాదు.
మందు రుచే తెలియని అమాయకపువి కొన్ని
గడ్డిలో మిగిలుంటేనే
ఆ మొండి రక్తం పల్చబడేది.

ఆయన దగ్గాడు.
వెల్కోమ్ బంగారు గనిలో పద్దెనిమిదేళ్లు పీల్చిన దుమ్ము
ఆ దగ్గు.
చాలాసేపటికి అన్నాడు:
"మా తమ్ముడికీ అంతే. ఛాతీ జబ్బు.
బాగైందని గోళీలు సగంలో ఆపేశాడు.
మళ్లీ వచ్చినప్పుడు గోళీలు దాని మాట వినలేదు."
ఆగి,
"కాదు, అది గోళీల మాట వినలేదు."

అదీ ఇదీ ఒకటి కాదని నాకు తెలుసు.
సరిదిద్దబుద్ధి కాలేదు.

ఎర్రదాని ఛాతీ చుట్టూ టేపు పట్టి బరువు కట్టాం,
మూడొందల పది కిలోలు.
పళ్లు లేని సందులోంచి గొట్టం దూర్చి నొక్కాను.
చప్పరించింది, తల విదిలించింది, నా మీద తుమ్మింది.
న్తాతే దాని గడ్డం ఎత్తిపట్టి వదల్లేదు,
గొంతులో ముద్ద దిగడం తన కళ్లతో చూసేదాకా.

"ఈ మంచుకి గడ్డిలో ఉన్నవి చస్తాయిగా?"
"చావవు. కరిగిన బొట్టులో ఈదుకుంటూ
పరక కొసకెక్కి కూర్చుంటాయి, నోటి కోసం.
దొడ్లో లద్దె వారానికి రెండుసార్లు ఎత్తెయ్. అదే సగం మందు."
"ఈ వయసులో పార పట్టమంటావు," అని
దొరకని అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.
మందు డబ్బులు సగమే ఇచ్చాడు.

వానలు వెళ్లాక కెనెయిలొయె ఒక్కతే వచ్చింది.
ఏడు డబ్బాలు.
ఏడోది చిన్నది, సూదులు దాచుకునేది.
మూత మీద గుర్తు లేదు.
"పిల్ల రంగు ఇంకా తేలలేదు," అంది,
"పుట్టినప్పుడు నలుపు. ఇప్పుడు కళ్ల చుట్టూ తెల్లబడుతోంది.
తాత ఆగమన్నాడు."

మిగతా ఆరూ పక్కనపెట్టి
ముందు అది తూచాను.
పలక కింద వెలుగు సర్దాను.