గొడుగు అక్షరాలు

పర్లాకిమిడి చిన్న రైలు ఇంకా పొగ వదిలే రోజులవి.
స్టేజీకి ఎడంపక్క, రెండో తెర వెనక,
పెట్రోమాక్సు వెలుగు సగమే అందే చోట
నా స్టూలు.
ముప్పై ఒక్క ఏళ్లు దాని మీదే కూర్చుని
లావేటి సురమకు మాటలందించాను.

ఆమెకు తెలుగు చదవడం రాదు.
తండ్రి మద్దెల తెలుగుది, తల్లి జోల ఒడియాది.
చదివిన మూడేళ్లూ ఒడియా బడే.
నేను పద్యం చెబుతుంటే
మోకాలి మీద నోటు పుస్తకం ఆనించుకుని
ఒక్కో అక్షరానికి ఒక్కో గొడుగు పట్టి
గుండ్రంగా రాసుకునేది.
"మా అమ్మ అక్షరాలు, వానకి తడవవు బావూ" అనేది,
బుగ్గన పాన్ ఓ పక్కకి తోసి.

జరీ చీర, అట్ట కిరీటం, అరకేజీ పూసలు.
సీనుకీ సీనుకీ మధ్య
మహారాణి గారు పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ అటుకులు తినేది.
గంట కొట్టగానే మూతి తుడుచుకుని
వెళ్లి ఏడ్చేది.
కాశీనగరంలో ఒక రాత్రి ఆ ఏడుపుకి
సోడాల బండివాడు సోడా కొట్టడం మానేశాడు.

"కమలం" అని నేనందిస్తే
"కొమొలొం" అని రాగం తీసేది.
ఎవరూ నవ్వలేదు.
ఇక్కడ ఎవరి నాలుకైనా అంతే,
పొద్దున ఒక భాషలో బేరమాడి కొన్న కూర
సాయంత్రం ఇంకో భాషలో వండుకుంటాం.

బరంపురం పోటీల్లో ఎవరో చూసి
మద్రాసు తీసుకెళ్లారు.
తొమ్మిది సినిమాలు.
ఆరింట్లో వదిన.
రెండింట్లో శవం పక్కన ఏడ్చే మనిషి.
ఒక్కదాంట్లో జమీందారు భార్య,
నాలుగు సీన్లు, మూడు పేజీల డైలాగు.

ఆ సినిమా మా ఊరికి వచ్చేసరికి రీలంతా గీతలు.
అయినా ఊరు ఊరంతా వెళ్లాం.
వాళ్లమ్మ కొత్త చీరతో ముందు కుర్చీలో.
సురమ తెర మీద నోరు తెరిచింది.
లోపల్నించి
ఇంకెవరో వచ్చారు.

సబ్బుతో కడిగినట్టున్న గొంతు.
"కమలం" అంది, తప్పు లేకుండా.
నేల టిక్కెట్టులో ఎవడో అరిచాడు:
"మన గొంతేదిరా?"
వాళ్లమ్మ ఇంటర్వెల్ దాకా ఆగలేదు.

తర్వాతి చవితి నాడు
చిన్న రైలు దిగింది, రేకు పెట్టెతో.
మద్రాసు గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.
నేనే ఒకసారి అడిగాను, మేకప్పు తుడుచుకుంటుండగా.
"అక్కడా ఒకడున్నాడు బావూ నీలాగ, చీకట్లోన.
నువ్వు మాటిస్తావు.
ఆడు తీసీసుకుంటాడు."
కొబ్బరి నూనె గుడ్డ అద్దం మీద పడేసి
వెళ్లిపోయింది.

పింఛను కాగితాల్లో ఆమె ముగ్గురు.
కరపత్రంలో సురమ్మ, సినిమాలో సురమాదేవి,
బడి సర్టిఫికెట్టులో సురొమా.
శ్రీకాకుళం ఆఫీసులో, నువ్వు ఒడిశా మనిషివన్నారు.
ఇక్కడి ఆఫీసులో, నువ్వు తెలుగు నటివన్నారు.
ఏడాదంతా తిరిగి,
ఆఖరికి ఆ ఫైలు తాడుతో
మల్లెపందిరి కట్టుకుంది.

మొన్న ఆశ్వయుజంలో పోయింది.
అక్క కొడుకు వచ్చి నోటు పుస్తకం నా చేతిలో పెట్టాడు,
"మీవే కదా తాతా ఈ పద్యాలు" అని.
నావే.
కానీ నాకు ఒడియా అంతంత మాత్రం,
కొట్ల బోర్డులు చూసి నేర్చుకున్నది.

రాత్రి స్టూలు లాక్కుని కూర్చున్నాను.
ఒక్కో గొడుగూ ఎత్తి కింద ఎవరున్నారో చూస్తున్నట్టు
అక్షరం అక్షరం కూడబలుక్కుని
పైకి చదివాను.
"కొ... మొ... లొం."
వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది:
"ఎవరొచ్చారు?"

నేను జవాబు చెప్పలేదు.
పద్యం మూడో పాదం దగ్గర
ఏ వానదో, ఏ రాత్రిదో,
నీరు దిగి సిరా అలికేసి ఉంది.
తడిసింది సురమా, నీ గొడుగు.

ఆ పాదం నాకు కంఠతా వచ్చు.
అందించలేదు.