ఒక చెవి చెరువుకి

భీమవరం జువ్వలపాలెం రోడ్డులో
మొబైల్ షాపు జానీబాషా
గాజు బల్ల మీద ఐదు హెడ్‌ఫోన్లు పేర్చాడు,
సంతలో పండుగప్పల్ని పేర్చినట్టు.
"బడ్జెట్ ఎంత గురూ?"
చెప్పాను.
రెండు వెనక్కి వెళ్ళిపోయాయి.

మొదటిది గేమింగుది.
చెవుల దగ్గర ఎర్ర లైట్లు, నోటి ముందుకి మైకు కొమ్మ.
అర్ధరాత్రి గట్టు మీద ఆ లైట్లు వెలిగితే
పురుగులన్నీ నా మొహం మీదే.
అడుగుల చప్పుడు మాత్రం బాగుంది:
శత్రువు ఎడమ మెట్లెక్కుతున్నాడో
కుడి కిటికీ దూకాడో
కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.
మా జట్టులో నలుగురం.
ఉండి దగ్గర చెరువు మీద ఏసుపాదం,
ఆకివీడులో దుర్గబాబు,
మొగల్తూరు దిగువన ఇంకో కుర్రాడు,
పేరు తెలీదు, దగ్గు తెలుసు.
అందరం రొయ్యల చెరువు కాపలావాళ్ళమే.
ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూడలేదు గానీ
ఒకడి మైకులోంచి ఇంకొకడి ఏరేటర్లు వినిపిస్తాయి.

రెండోది పాటలది.
జానీబాషా ఏదో దంచుడు పాట పెట్టాడు.
పుర్రె అదిరింది. ఆపమన్నాను.
నా ఫోన్లో మా చిన్నాన్న క్లారినెట్టు ఉంది.
నరసాపురం పెళ్ళిలో బ్యాండుమేళమంతా భోజనాలకి లేచాక
ఒక్కడే కూర్చుని వాయించుకున్నది.
అది పెట్టాను.
పాత ఇయర్‌ఫోన్లో ఏనాడూ వినపడనిది వినపడింది:
స్వరం రాకముందు ఆయన పీల్చిన గాలి.
పీక తడి చప్పుడు.
వెనకాల ఎవరో "సాంబారు ఇటు" అనడం.
దాన్ని తీసి బల్ల మీద పెట్టడానికి
చెయ్యి రాలేదు.

"ఇంకా ఉంది, ఆగు" అని
పక్కనున్న చిన్న బటన్ నొక్కాడు జానీబాషా.
"నాయిస్ క్యాన్సిలేషన్. లోకం కట్."

కట్టే.
రోడ్డు మీద ఆర్టీసీ బస్సు మూగగా పోయింది.
ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు.
జానీబాషా పెదాలు కదులుతున్నాయి.
నాకు గుండె జారింది.
చెయ్యి నడుం దగ్గర టార్చి వెతికింది,
కాళ్ళు లేని జనరేటర్ షెడ్డు వైపు తిరిగాయి.

ఎలా చెప్పను అతనికి?
నాకు నిశ్శబ్దమంటే కరెంటు పోవడం.
ఎనిమిది ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటేనే నాకు కునుకు.
ఒక ఫేజు పోతే మూలుగు మారుతుంది,
నిద్రలోనే తెలుస్తుంది.
మొత్తం ఆగితే
ఎవరో తట్టినట్టు లేచి కూర్చుంటాను.
తెల్లారగట్ల మూడింటికి నీళ్ళలో ఊపిరి సన్నగా ఉంటుంది.
కాస్త ఆలస్యమైతే
ముప్పై కౌంటు రొయ్య గట్టుకి చేరిపోతుంది.
పోయినేడు పక్క చెరువులో అదే అయింది.
కాపలా కుర్రాడు ఏం వింటున్నాడో ఎవరూ అడగలేదు.
జీతం మాత్రం ఆపారు.

మూడోది బల్ల చివర దుమ్ము పట్టి ఉంది.
నురుగు మెత్తలు. చెవి మీద ఆనుతుంది, మూసుకోదు.
"బయట చప్పుడంతా వచ్చేస్తుంది గురూ, వేస్టు."
అదే ఇయ్యమన్నాను.
నన్నొకసారి పైకీ కిందకీ చూసి
యాభై తగ్గించాడు.

ఆ రాత్రే,
ఆట మధ్యలో, ఎడమ మెత్త చెవి వెనక్కి జరుపుకుని
నా చెరువు నేను వింటూ ఉండగా
కుడి చెవిలో ఏదో తగ్గింది.
నాది కాదు.
ఏసుపాదం బొమ్మ గోడ పక్కన కదలకుండా నిలబడి ఉంది.
అతని మైకులో కప్పలు.
కప్పలు మాత్రమే.
"ఒరేయ్, నీవి ఆగిపోయాయిరా!"
ముగ్గురం అరిచాం.
మంచం కిర్రుమంది. చెప్పుల్లేని అడుగులు
ఎడమ నించి కుడికి పరిగెత్తి దూరమయ్యాయి.
ఎక్కడో జనరేటర్ రెండుసార్లు దగ్గి
మూడోసారి అందుకుంది.

ఈలోపు మమ్మల్ని నలుగుర్నీ కాల్చేశారు.

క్లారినెట్టు ముందరి ఊపిరి మాత్రం
ఈ మెత్తల్లో వినపడదు.
పట్టుబడి బాగుంటే
ఆ రెండోది మళ్ళీ అడిగి చూడాలి,
పగటిపూటకి.