చప్పుడు కాకుండా

ముందు తీగలు దించు, ఢిల్లేసూ.
పూర్తిగా కాదు,
బిగబట్టిన ఊపిరి కొంచెం వదిలినంత.
ఒక్కసారి వదిలీస్తే దండి అలుగుద్ది.
మీ పెదనాన్న నెలన్నర తొలిచిన పనస అది.

గుర్రాన్ని తీసి జేబురుమాల్లో చుట్టు.
కుండ పక్కన పడీకు, దొర్లి దొర్లి గీతలెట్టీగల్దు.
విడిగా కట్టి పేరు రాయి.
ఒకసారి భిలాయిలో ఎవరో
చెక్కముక్కనుకొని పారీశారు.

మెట్లు మైనం మీదున్నాయి.
మైనానికి ఎండంటే నీకన్నా భయం.
అందుకే రాత్రి బస్సు.
ఇంజను పక్కన పెట్టొద్దని కండక్టరుకి చెప్పు,
టీకి పది రూపాయలిచ్చి మరీ చెప్పు.
సాలూరు దాటితే అన్నీ మలుపులే.

బుడగల కాయితం మనకొద్దు,
ఆ షావుకారు మీటరుకి పదహారంటాడు.
ఫ్రిజ్జుల కొట్టు వెనకాల అట్టలు ఊరికే దొరుకుతాయి.
వరిగడ్డి పెడితే ఎలకలు కూడా ప్రయాణం కడతాయి.
జీడిపిక్కల గోనె అసలే వద్దు,
ఆ నూని మరక ఏడు జన్మలకీ పోదు.
నా నేతచీరలు మూడున్నాయి,
ఉతికి ఉతికి దూదయిపోనాయి.
యాళి మూతికొకటి, సొరబుర్రకొకటి,
మూడోది...
ఉండు, దాని అంచు చింపుకోనీ.

పెట్టె వదులయితే గాలికి కూడా కిరాయి కట్టాలి.
నాలుగు వేళ్ళ సందు చాలు.
జైపూరు పిల్ల, సస్మిత,
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తాదట,
కిరాయికని తొమ్మిదొందల యాభై పంపింది.
ఆరొందల్లో ముగించు.
మిగిలిన దానికి తీగల చుట్ట కొని లోపల పెడదాం.
కొత్త చేతులు తెంపుతాయి మరి.

ఇప్పుడు ఊపు. చెవి ఆనించు.
ఏటైనా వినపడిందా?
వినపడితే మళ్ళీ విప్పాల.
ఆయన మాటాడించిన దాన్ని
దారంతా నోరెత్తకుండా చెయ్యడమే
ముప్పై ఏళ్ళుగా నా పని.
నాకు సరిగమలు రావు.
ఏటీ వినపడకపోడం మాత్రం
బాగా వినపడతాది.

ఊఁ. కట్టు.

పైన అని తెలుగులో రాస్తే
ఘాటవతల ఎవరు చదువుతారు?
బాణం గుర్తెయ్యి. కింద వీణ బొమ్మెయ్యి.
అదేట్రా, గరిటెలా వచ్చింది!
చెరపకు, ఉండనీ.
ఆకలెరిగినోళ్ళెవరూ
గరిటెని విసిరీరు.